గోపాలపూర్ ఒడ్డు చేపల్లో పురుగులు: సముద్రం వేడెక్కితే పెరుగుతాయా, తగ్గుతాయా?

ప్రశ్న: బాహుదా మొగ

అందరికీ నమస్కారం. ఒడిశా బరంపురంలో జువాలజీ ఎమ్మెస్సీ చివరి ఏడాది. సముద్రం వేడెక్కడం, ఆమ్లీకరణ (కార్బన్ డయాక్సైడు కరిగి నీళ్ల పీహెచ్ పడిపోవడం) వల్ల చేపల పరాన్నజీవులకు ఏమవుతుందన్నది ప్రాజెక్టు అంశం. అక్టోబరు నుంచి మార్చి దాకా ఆరు నెలలు టైముంది. గోపాలపూర్, ఆర్యపల్లి, సోనాపూర్ ఒడ్డుకు వచ్చే చేపలే దిక్కు. ల్యాబులో స్టీరియో మైక్రోస్కోపు, మామూలు పీహెచ్ మీటరు, డీప్ ఫ్రీజరు ఉన్నాయి.

చదివేకొద్దీ అయోమయంగా ఉంది. ఒక పేపరులో పురుగులు 283 రెట్లు పెరిగాయని, ఇంకోదాంట్లో డిగ్రీ వేడికి 38 శాతం తగ్గాయని రాశారు. ఏది నమ్మాలి? నెలనెలా చేపలు కోసి, నీళ్ల పీహెచ్ కొలిచి, రెండూ పక్కపక్కన పెట్టి గ్రాఫు గీస్తే సరిపోతుందా? ఎన్ని చేపలు కోయాలి?

జవాబు: నత్తగుల్ల

రెండూ నిజమే. అయితే రెండూ ఒకే పురుగు గురించి కావు.

283 రెట్లన్నది అనిసాకిస్ అనే గుండ్రటి పురుగు లెక్క. అచ్చయిన లెక్కలన్నీ పోగేసి, 1978 నుంచి 2015 దాకా వచ్చిన మార్పు ఇంత అని 2020లో తేల్చారు. దాన్ని వేడి ఖాతాలో వేసేయకండి. అనిసాకిస్ పెద్దయ్యేది తిమింగలాలు, డాల్ఫిన్ల పొట్టలో. వేట ఆగాక చాలాచోట్ల తిమింగలాలు తేరుకున్నాయి, కాబట్టి వాటి పురుగూ తేరుకుని ఉండొచ్చు. సీల్ జంతువుల్లో పెద్దయ్యే దాని చుట్టం సూడోటెర్రనోవా అదే లెక్కలో పెరగలేదు. వేడి ఒక్కటే కారణమైతే రెండూ కలిసి పెరగాలి కదా.

38 శాతమన్నది అమెరికాలో పుగెట్ సౌండ్ అనే సముద్రపు పాయ లెక్క. 1880 నుంచి 2019 దాకా మ్యూజియం సీసాల్లో దాచిన 8 జాతుల చేపలు 699 కోసి, 85 రకాల పరాన్నజీవులను లెక్కపెట్టారు. బతుకులో మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఆతిథేయులు (పురుగు ఉండే జీవులు) మారాల్సినవి సగటున పదేళ్లకు 11 శాతం చొప్పున, అంటే డిగ్రీ వేడికి 38 శాతం చొప్పున తగ్గిపోయాయి. ఒకే చేప మీద పుట్టి అక్కడే పెరిగేవాటిలో అలాంటి తగ్గుదల కనబడలేదు.

ఎందుకో చూడండి. మూడిళ్లు మారే పురుగుకి మూడిళ్లలోనూ మనిషి ఉండాలి. గుడ్డు పొదిగే రోజుకి చిన్న రొయ్యలాంటి జీవి అందుబాటులో ఉండాలి, దాన్ని చేప తినాలి, ఆ చేపను డాల్ఫినో సొరచేపో తినాలి. నడుమ ఒక్క తలుపు మూసుకుపోతే వంశం అక్కడితో సరి. మన కోనెం, సావడాయి కండలో అన్నం మెతుకుల్లా తెల్లగా కనబడే టేపు పురుగు పిల్లలున్నాయి చూడండి, ట్రిపనోరింక్‌లంటారు. అవి పెద్దయ్యేది సొరలు, టేకు చేపల పేగులో. సొరలు తగ్గిన చోట నీళ్లు చల్లగా ఉన్నా వెచ్చగా ఉన్నా అవి తగ్గుతాయి. దాన్ని చూసి వేడికి తగ్గాయని రాస్తే పరీక్షకుడు ఒప్పుకున్నా నిజం ఒప్పుకోదు.

వేడి నేరుగా పనిచేసే చోటు నత్త. ట్రెమటోడు అనే చదునైన పురుగులు నత్తలో వేలకొద్దీ పెరిగి, సెర్కేరియా అనే తోక పిల్లలుగా నీళ్లలోకి వస్తాయి. ఆ పిల్ల తిండి తినదు. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ అయ్యేదాకా, మహా అయితే ఒకటి రెండు రోజులు ఈది, ఆలోపు తర్వాతి ఆతిథేయిని పట్టుకోవాలి. నీళ్లు వెచ్చబడితే నత్త నుంచి ఎక్కువ పిల్లలు వస్తాయి, ఈత జోరందుకుంటుంది, కానీ నిల్వ తొందరగా ఖర్చయి తొందరగా చస్తాయి. ఈ రెంటిలో ఏది గెలుస్తుందన్నదే అసలు లెక్క. చల్లటి దేశాల్లో మొదటిదే గెలిచిన సందర్భాలున్నాయి. 1990లో డెన్మార్క్ వాడెన్ సముద్రపు బురద మేటల మీద, వెచ్చటి వసంతంలో ఈ పిల్లలు ఒక్కసారిగా ఎక్కువై, కోరోఫియం అనే చిన్న జీవి గుంపులకు గుంపులు చచ్చింది.

ఆ లెక్క ఇక్కడికి తెచ్చి అతికించొద్దు. అక్కడ 10 డిగ్రీలు 15 అయితే పురుగుకీ నత్తకీ పండగ. మన బంగాళాఖాతం పైనీళ్లు ఎండాకాలంలో ఇప్పటికే 29, 30 డిగ్రీల దగ్గరుంటాయి. బురద మేట మీద పోటు తీసిన మధ్యాహ్నం ఇంకా ఎక్కువ. ఓర్పు అంచున ఉన్న నత్తకు ఇంకో రెండు డిగ్రీలు ఎక్కితే ముందు అదే పోవచ్చు, దాంతో పురుగూ పోతుంది.

ఆమ్లీకరణ గురించి రెండు ముక్కలు. పారిశ్రామిక యుగానికి ముందు సముద్రపు పైనీటి పీహెచ్ సుమారు 8.2, ఇప్పుడు 8.1. చూడ్డానికి చిన్నదే అయినా పీహెచ్ లాగరిథమ్ లెక్క గనక హైడ్రోజన్ అయాన్లు పావు వంతుకు పైగా పెరిగినట్టు. పొట్టలో ఆమ్లం మధ్య బతికే పురుగుకి బయట 8.1 అయినా 7.8 అయినా ఒకటే. దెబ్బ తగిలితే నీళ్లలో విడిగా తిరిగే దశకీ, గుల్ల కట్టుకునే ఆతిథేయికీ తగులుతుంది. న్యూజీలాండ్ ఒటాగో హార్బర్‌లో ఒకే జాతి నత్తలో ఉండే నాలుగు ట్రెమటోడ్లను 8.1, 7.6, 7.4 పీహెచ్‌లలో పెట్టి చూస్తే సెర్కేరియాల ఆయుష్షు తగ్గింది, కానీ నాలుగూ ఒకేలా తట్టుకోలేదు. అందుకే "పరాన్నజీవులు" అని బహువచనంలో ప్రశ్న అడిగితే జవాబు రాదు. జాతి పేరు, దశ పేరు పెట్టి అడగండి.

జవాబు: ఉప్పుకొలత

పైన చెప్పినదానితో పేచీ లేదు. నా అభ్యంతరం మీ పీహెచ్ గ్రాఫు మీద. ఆ గ్రాఫు గీయకండి.

బయటి సముద్రంలో పీహెచ్ పడిపోతున్న తీరు ఏడాదికి 0.002 చుట్టుపక్కల. మీ మీటరును 4, 7, 10 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) సరిచేస్తారు. అవి పలచటి ద్రావణాలు. ఉప్పునీట్లో ముంచగానే ఎలక్ట్రోడు సర్దుకోలేక రెండో దశాంశంలోనే తప్పు చూపిస్తుంది. అంటే పదేళ్లలో వచ్చే మార్పంత తప్పు ఒక్క రీడింగులోనే ఉంటుంది. ఉప్పునీట్లో చేసిన ట్రిస్ బఫరు వాడి, సముద్రపు నీటికి వాడే పీహెచ్ కొలమానమైన టోటల్ స్కేలు మీద కొలవాలి. లేదంటే మెటా క్రెసాల్ పర్పుల్ రంగు వేసి స్పెక్ట్రోఫొటోమీటరులో చూడాలి.

నీళ్లు పట్టేదీ పద్ధతిగా ఉండాలి. బోరోసిలికేట్ గాజు సీసా అడుగుదాకా గొట్టం దించి, సీసా ఒకసారి నిండి పొర్లిపోయేదాకా వదలాలి, బుడగ రాకూడదు. తర్వాత సంతృప్త మెర్క్యూరిక్ క్లోరైడు, 500 మి.లీ. సీసాకు 0.1 మి.లీ. అది వేయకపోతే సీసాలోని సూక్ష్మజీవులు ఊపిరి పీల్చి పీహెచ్ దించేస్తాయి. అది పాదరసపు విషం, సింకులో పోయకూడదు. గ్లోవ్స్, వేరే డబ్బా, వేరే లేబులు.

ఇంత చేసినా ఒడ్డు పక్క పీహెచ్ పగలొకటి, రాత్రొకటి. చిలికాలో నాచు పట్టిన చోట మధ్యాహ్నం ఎక్కుతుంది, తెల్లవారుజామున దిగుతుంది. ఆ ఊగిసలాట ముందు వందేళ్ల మార్పు కూడా చిన్నదే.

మన తీరంలో పురుగుల తలరాత రాసేది ముందు ఉప్పదనం. వానలకు మహానది, ఋషికుల్య, బాహుదా నీళ్లు వచ్చి పడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి తిరిగి ఆ చప్పటి నీటిని మన ఒడ్డు వెంబడే తోసుకెళ్తుంది. మీ ఆరు నెలలూ సరిగ్గా ఆ చప్పటి నీళ్లలో మొదలై మార్చి ఉప్పునీళ్లలో ముగుస్తాయి. అదే సమయంలో జనవరికి నీళ్లు చల్లబడి మార్చికి మళ్లీ వెచ్చబడతాయి. రెండూ కలిసి మారుతుంటే ఏది ఏం చేసిందో ఒడ్డు మీద చేపలు కోసి విడదీయలేరు. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు ఒకటి కొనుక్కోండి, ప్రతిసారీ డిస్టిల్డ్ వాటరుతో సున్నా చూసుకోండి. ఉపగ్రహపు ఉష్ణోగ్రత హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి తీసుకోవచ్చు, కానీ అది పైపొరది, ఒడ్డుకు ఆనుకుని నమ్మకం తక్కువ. చేతి థర్మామీటరు మానకండి.

ఇంకోటి. ఆరు నెలల్లో చూసేది రుతువు మార్పు. శీర్షికలో వాతావరణ మార్పు అని పెట్టొద్దు.

బాహుదా మొగ

సరే, పీహెచ్ గ్రాఫు వదిలేశాను. ఒడ్డున చేపలు కోయడం ఒక భాగం, నత్తలతో చిన్న ప్రయోగం ఒక భాగం అనుకుంటున్నా. రెండూ ఎక్కడ చెడతాయో ముందే చెప్పండి.

జవాబు: సావడాయి

చేపల భాగం నేను చెప్తాను.

సంఖ్య: ఒక పురుగు నూటికి పది చేపల్లో ఉందనుకోండి. 30 చేపలు కోస్తే కనీసం ఒక్కదాంట్లోనైనా దొరికే అవకాశం 95 శాతం పైన. నూటికి ఐదు చేపల్లోనే ఉంటే 59 కోయాలి. కాబట్టి నాలుగు జాతులు తలా పది కోసే బదులు ఒకే జాతి, నెలకు 30 తగ్గకుండా. కానాగంత మంచిది, లేదా సావడాయి. కోనెం కొంటే స్కాలర్‌షిప్ అయిపోతుంది.

సైజు: పెద్ద చేప ఎక్కువ రోజులు తిన్నది, కాబట్టి పురుగు పిల్లలను (లార్వాలను) కూడా ఎక్కువ పోగేసుకుంటుంది. అక్టోబరులో 18 సెం.మీ., మార్చిలో 24 సెం.మీ. చేపలు కోసి పురుగులు పెరిగాయంటే మీరు కొలిచింది వయసు. ప్రతి చేప పొడవు, బరువు, ఆడా మగా రాయండి. ఒకే సైజు గుంపునే పోల్చండి.

ఎక్కడిది: బరంపురం మార్కెట్టు ఐసుపెట్టెలో చేప ఏ రేవుదో ఎవరికీ తెలీదు. ఒడ్డుకొచ్చిన తెప్పో ఫైబర్ బోటో దగ్గరే కొని, ఏ వైపు పోయారో, ఎంత లోతో, ఏ వలో అడిగి రాసుకోండి. నవంబరు 1 నుంచి మే 31 దాకా ఋషికుల్య మొగ చుట్టూ తాబేళ్ల కోసం 20 కిలోమీటర్ల దాకా వేట నిషేధం, కాబట్టి అక్టోబరులో వేటాడిన చోటూ డిసెంబరులో వేటాడిన చోటూ ఒకటి కాకపోవచ్చు. ప్రాజెక్టు పొడిగిస్తే ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరబోట్లు కదలవు, ఖాళీ వస్తుంది.

కానాగంత మొప్పల గూట్లో నోరిలెకా అనే జెర్రి పేనులాంటిది ఉంటుంది, బొటనవేలి గోరంత. చేప చచ్చాక చోటు వదిలి పాకేస్తుంది. బుట్టలో కలిసిపోతే ఎవరిదో తెలీదు. ఒడ్డునే ఒక్కో చేపను ఒక్కో జిప్ కవర్లో వేయండి. కవర్లోనే జారిపోయినదీ ఆ చేప లెక్కే. పేను లేకపోయినా మొప్ప రేకులు ఒక పక్క నొక్కుకుపోయి పాలిపోయి ఉంటే "గుర్తు మాత్రమే" అని వేరే గడిలో రాయండి.

కోసే వరుస తప్పకూడదు. ముందు ఒళ్లు, రెక్కలు, నోరు. తర్వాత మొప్పలు ఒక్కో కమాను విడదీసి, వేరు వేరు గిన్నెల్లో సముద్రపు నీళ్లు పోసి మైక్రోస్కోపు కింద. మొప్పల మీది మోనోజీనియన్లనే చిన్న పురుగులు చేప చచ్చిన గంటల్లోనే పాడవుతాయి, ఫ్రీజరులో పెట్టిన చేపలో వెతకడం దండగ. ఆ తర్వాత పొట్ట: కాలేయం, పేగుల పొర, పేగు, ఒక్కోటీ వేరుగా 0.85 శాతం ఉప్పునీళ్లలో. అనిసాకిస్ పిల్ల గడియారం స్ప్రింగులా చుట్టుకుని, అర సెంటీమీటరు వెడల్పు చుట్టలా కాలేయం మీద కనబడుతుంది. విప్పితే 2, 3 సెంటీమీటర్లు. మన చేపల్లో హిస్టెరోథైలేసియం అనే ఇంకో గుండ్రటి పురుగు కూడా తరచూ దొరుకుతుంది, తొందరలో దాన్నే అనిసాకిస్ అని రాసేస్తారు. గ్లిజరిన్‌లో తేటపరిచి చూడండి. అన్నవాహిక కింద గడ్డలాంటి భాగం ఉండి, పేగు నుంచి పైకి వచ్చే సంచి లేకపోతే అనిసాకిస్. సంచీ, కిందికి వేలాడే తోకా ఉంటే రెండోది. అనిసాకిస్‌లోనే ఏ జాతన్నది కంటితో తేలదు, డీఎన్‌ఏ కావాలి. వెచ్చటి నీళ్లలో ఎక్కువగా ఉండే జాతి అనిసాకిస్ టిపికా.

ఆఖరికి కండ. వెన్నెముక నుంచి కండ తీసి, ప్లాస్టిక్ కవర్లో 1, 2 మి.మీ. మందానికి నొక్కి, మైనస్ 20లో రాత్రంతా పెట్టి, కరిగాక చీకట్లో 366 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద పెట్టండి. చచ్చిన అనిసాకిస్ తెల్లటి నీలంగా మెరుస్తుంది. గడ్డకట్టించకుండా చూస్తే మెరుపు సరిగా రాదు. పట్టుకున్న వెంటనే పొట్ట శుభ్రం చేయని చేపలో కొన్ని పురుగులు పొట్ట నుంచి కండలోకి దూరతాయి, కాబట్టి పట్టిన గంట, కోసిన గంట రెండూ రాయాలి.

దాచడం: పురుగును ఆవిర్లు వచ్చే వేడి ఉప్పునీళ్లలో వేస్తే తిన్నగా చాచుకుని చస్తుంది. తర్వాత 70 శాతం ఆల్కహాలు. డీఎన్‌ఏకు ఉంచేది 95 శాతంలో. ఫార్మలిన్‌లో వేశారంటే డీఎన్‌ఏ మీద ఆశ వదులుకోవాలి.

లెక్కల దగ్గర సగటులు పోల్చే టీ టెస్టు పెట్టకండి. 30 చేపల్లో 22 ఖాళీ, ఏడింటికి ఒకటీ రెండూ, ఒకదానికి 40 ఉంటాయి. ఆ ఒక్క చేప సగటును ఎగరేస్తుంది. ఎన్ని చేపల్లో ఉన్నాయన్నది ఒకటి, ఉన్నవాటిలో సగటెంత అన్నది ఒకటి, వేరువేరుగా చెప్పి, ఇలా కొన్నిట్లోనే గుమిగూడే లెక్కలకు సరిపోయే నెగెటివ్ బైనామియల్ మోడలు వాడండి.

జవాబు: నత్తగుల్ల

నత్తల భాగం. ఏటి మొగల బురదలో దొరికే పొడుగు గుల్ల నత్త పిరెనెల్లా సింగులేటా చాలు. చిలికాకు పోయినా నలబన అభయారణ్యం జోలికి పోవద్దు. 200 దాకా ఏరండి. ఒక్కో నత్తను ఒక్కో చిన్న కప్పులో, వడగట్టిన సముద్రపు నీళ్లలో, దీపం వెలుతురులో పెడితే పురుగున్న నత్త కొన్ని గంటల్లో సెర్కేరియాలను వదులుతుంది. కప్పును నల్ల కాగితం మీద పెట్టి చూడండి, తెల్లటి పొగమంచు రేణువులు గింగిరాలు కొడుతుంటాయి. వదలని నత్తకు పురుగు లేదనుకోవద్దు, లోపల ఇంకా పండి ఉండకపోవచ్చు. ఆఖర్న పగలగొట్టి చూడాల్సిందే.

గంటలోపు పుట్టిన పిల్లల్ని చిన్న చిన్న గడులున్న పళ్లెంలో గడికి 20 చొప్పున, ప్రతి ఉష్ణోగ్రతకూ 6 గడులు. 26, 29, 32 డిగ్రీలు. రెండు గంటలకోసారి లెక్క. సన్నటి వెంట్రుకతో తాకితే పది సెకన్లలో కదలకపోతే చచ్చినట్టు.

చెడే చోట్లు ఇవి. దీపం వేడికి కప్పు నీళ్లు రెండు మూడు డిగ్రీలు ఎక్కుతాయి, ఎల్ఈడీ వాడి దూరంగా పెట్టండి. మూత లేకపోతే 32 డిగ్రీల గడిలో నీళ్లు ఆవిరై ఉప్పదనం పెరుగుతుంది, అప్పుడు చంపింది వేడో ఉప్పో తెలీదు. ఒక నత్త పిల్లల్ని 26లో, ఇంకో నత్తవి 32లో వేస్తే తేడా నత్తలది. ప్రతి నత్త పిల్లల్నీ మూడు వేడుల్లోకీ పంచాలి.

పీహెచ్ కూడా చూడాలనిపిస్తే గడుల పళ్లెంలో వద్దు, అంత కొంచెం నీళ్లలో కార్బన్ డయాక్సైడు గంటల్లో ఎగిరిపోయి పీహెచ్ మళ్లీ 8 దాటుతుంది. అంచుదాకా నింపి మూత బిగించిన చిన్న గాజు సీసాలు కావాలి.

జవాబు: ఉప్పుకొలత

హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్కటే చుక్కలు వేసి పీహెచ్ దించకండి. దాంతో క్షారత (నీళ్లకు ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) పడిపోతుంది, కరిగిన కార్బన్ మారదు. సముద్రంలో జరుగుతున్నది దీనికి తిరగేసి: క్షారత అంతే ఉంటుంది, కార్బన్ పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడు గ్యాసు బుడగలే పంపండి. ఒకే తొట్టిలో పీహెచ్ దించిన నీళ్లు పది సీసాల్లో పోస్తే అవి పది ప్రయోగాలు కావు, ఒక్కటే. తొట్టెలూ వేరుగా ఉండాలి.

రామయ్యపేట వంటిల్లు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఇంతకీ ఆ చేపలు తినొచ్చా? సావడాయి పులుసు మా ఇంట్లో వారానికోసారి.

జవాబు: సావడాయి

నిశ్చింతగా తినండమ్మా. మెతుకుల్లాంటి తెల్లవి మనిషికి సోకవు, చూడ్డానికే బాగుండవు. చుట్టచుట్టుకున్నది బతికుండగా పచ్చిగా తింటేనే కడుపు నొప్పి. ముక్క నడుమ 60 డిగ్రీలు దాటి ఒక నిమిషం ఉంటే చస్తుంది, ఉడుకుతున్న పులుసు అంతకన్నా చాలా ఎక్కువ. పచ్చిగా తినే అలవాటున్నవాళ్లకైతే మైనస్ 20లో 7 రోజులు. ఇంట్లో ఫ్రిజ్ పై అర అంత చల్లగా ఉండకపోవచ్చు. నిమ్మరసం, వెనిగరు, ఉప్పు నమ్ముకోకూడదు. ఒక్క మెలిక: ఈ పురుగు ప్రోటీన్ పడనివాళ్లకు ఉడికించినా దద్దుర్లు రావొచ్చు, కొన్ని ప్రోటీన్లు వేడికి చెడవు. చేప తెచ్చిన వెంటనే పొట్ట తీసేయండి.

జవాబు: పీతలబుట్ట

చేపలకు డబ్బు సరిపోకపోతే పీతలు చూడండి. మూడు చుక్కల పీత వలలో చిక్కి ఒడ్డున పారేసినవి బోలెడు. పొట్ట కింది రెక్క ఎత్తితే కొన్నిటికి పసుపు సంచి ఉంటుంది. గుడ్డు పీత అనుకుంటారు. గుడ్లయితే ద్రాక్ష గుత్తిలా రేణువులుగా, రెక్క కింది కాళ్ల వెంట్రుకలకు అంటుకుని ఉంటాయి. సాక్యులినా అనే పరాన్నజీవి అయితే నున్నటి తోలు సంచి, నడుమ ఒక చిన్న రంధ్రం, పొట్టకు ఒకే చోట కాడతో అతుక్కుని ఉంటుంది. వేళ్లు లోపల ఒళ్లంతా పాకి ఉంటాయి. మగ పీతకు పడితే రెక్క ఆడదానిలా వెడల్పవుతుంది, ఆడామగా పట్టికలో తప్పు దొర్లేది అక్కడే. మగ పీతకు పొట్ట రెక్క కింద చిన్న కాళ్లు రెండు జతలే, రెక్క పూర్తిగా ఎత్తి అవి చూశాకే రాయండి.

సాక్యులినా లార్వాలకు చప్పటి నీళ్లు పడవు. మీరు అక్టోబరు నుంచి మార్చికి ఉప్పదనం పెరిగే కాలమే ఎంచుకున్నారు. కాకపోతే సంచి బయటపడేది పురుగు లోపల చాలా వారాలు పెరిగాకే. డిసెంబరులో కనబడిన సంచిని డిసెంబరు నీళ్లతో జతచేయకండి, సోకిన నాటి ఉప్పదనంతో చూడాలి. అందుకే రిఫ్రాక్టోమీటరు రీడింగులు ఇప్పుడే, ఆగస్టు నుంచే మొదలుపెట్టండి.